మూడు రోజుల సన్న మంట

బాయిలర్ పొయ్యిలో పెట్టే ఇటుక నిప్పుకు చావదని చెబితే మిల్లు సేట్లు నన్ను వింతగా చూస్తారు. మరి ఏటా కొత్త ఇటుక ఎందుకు వేయిస్తున్నామయ్యా అంటారు. విడమరచి చెప్పే ఓపిక నాకు లేదు గానీ ఇక్కడ చెబుతాను. ఆ ఇటుక మూడు రకాలుగా చస్తుంది. ఊక బూడిద దాని ముఖానికి అంటుకుని, కరిగి, గాజులా గట్టిపడి, ఏడాది పొడుగునా లోపలికి తింటూ పోతుంది. అది ముసలి చావు, దానికి ఎవరినీ తిట్టనక్కర్లేదు. రెండోది తొందర. చల్లగా ఉన్న పొయ్యిని ఒక్కసారిగా మండిస్తే ఇటుక ముందు ముఖం సాగుతుంది, వెనక ముఖం సాగదు, మధ్యలో చీలుతుంది. మూడోది నీళ్లు. తడిసిన ఇటుకకు పెద్ద మంట పెడితే లోపలి నీరు ఆవిరై, దారి దొరక్క, ఇటుకను పగలగొట్టుకుని బయటికొస్తుంది. ఆ చివరి రెండూ మనిషి చేసే హత్యలు. నేను రెండూ చేశాను, ఒకే పొయ్యికి, ఒకే వారంలో. శిక్ష మాత్రం మా మామకు పడింది.

మామ అంటే నా భార్య తండ్రి. ఆత్మకూరు (ఎస్) మండలంలో వాళ్ల ఊరు. మిర్యాలగూడలో ఉప్పుడు బియ్యం మిల్లులు ఎన్నున్నాయో, వాటి పొయ్యిలన్నిటికీ ఆయన చేయి తగిలింది. పొయ్యి కట్టాక ఆయన ‘ఇగ పెట్టుండ్రి’ అనేదాకా ఏ సేటూ ఊక పోయించేవాడు కాదు. ఆ ఒక్క మాటే ఆయన ఆస్తి. నేనప్పుడు సూర్యాపేటలో ఇళ్లు కట్టే తాపీ మేస్త్రిని. కాలనీల పని మందగించి రెండు నెలలు ఇంట్లో కూర్చున్నప్పుడు, కూతురి ముఖం చూసి నన్ను తన వెంట తీసుకెళ్లాడు.

మొదటి రోజే పరువు తీశాడు. ఇళ్ల పనిలో ఇటుకను నీళ్లలో నానబెట్టి వాడతాం, లేకపోతే అది సిమెంటులో తడిని పీల్చేస్తుంది. ఆ అలవాటుతో నేను పొయ్యి ఇటుకలు ఒక వరస తొట్టిలో వేశాను. మామ వచ్చి చూసి, తొట్టిని కాలితో తన్ని బోర్లా పడేశాడు.

“ఇది నీ అత్తగారి ఇల్లు గాదురా, గోడల మేస్త్రీ! అగ్గిల పెట్టే ఇటుకకు తానం పోస్తవా? ఒక్కొక్కటి ఎత్తుకొని ఎండల పెట్టు. హమాలీలు సూడాలె.”

మోశాను. నలభై ఇటుకలు, ఒక్కొక్కటి, అందరూ చూస్తుండగా. ఆ తర్వాత ఎనిమిదేళ్లు, ఏ మిల్లుకు వెళ్లినా టీ తాగేటప్పుడు ఆ తొట్టి కథ చెప్పి నవ్వించేవాడు. కొత్తవాళ్లకు నన్ను పరిచయం చేసే పద్ధతి అదే. మంచి మాట ఒక్కటంటే ఒక్కటి ఆయన నోటి నుంచి నేను వినలేదు. పొయ్యి పైకప్పు కమాను ఎంత గుండ్రంగా తిప్పినా, ‘కూలకుంటె సాలు’ అనేవాడు. ఆయన పెడుతున్న అన్నమే తింటూ లోపల్లోపల ఆయన్ని బండబూతులు తిట్టుకునేవాణ్ని. దాచేదేముంది.

పని మాత్రం తెలిసినవాడు. ప్రతి ఇటుకనూ ఎడమ అరచేతిలో పెట్టుకుని తాపీ పిడితో ఒక దెబ్బ కొట్టేవాడు. ఖంగుమంటే లోపలికి, మొద్దుగా పలికితే పక్కకు. కంటికి కనిపించని పగులు కూడా ఆ చప్పుడులో దొరికేది. కట్టడం అయ్యాక నీడలో ఆరబెట్టి, మూడు రోజుల సన్న మంట. మొదటి రోజు చేయి పెట్టి ఉంచగలిగినంత వేడి, నాలుగు కట్టెలే. రెండో రోజు ఇంకొన్ని. మూడో రోజు ఇటుక రంగు తిరగాలి. రంగులకు ఆయన పేర్లు ఆయనకున్నాయి. ముందు నల్లెరుపు, తర్వాత మందారం, తర్వాత మోదుగ పువ్వు, చివరికి పసుపు. పొయ్యి తలుపులో రూపాయి బిళ్లంత కంత ఉంటుంది. దానికి కన్ను ఆనించి మూడు రోజులూ అక్కడే కూర్చునేవాడు.

ఆ కంతే ఆయన కళ్లను తినేసింది. ముప్పై ఏళ్లు మంటలోకి చూస్తే ఏ కన్నయినా ఉడుకుతుంది. నల్లగుడ్డు మీద పాల మీగడలా పొర కమ్మింది. ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒక రోజు కంత దగ్గర కూర్చుని నన్ను పిలిచాడు.

“అల్లుడా, జర ఇటు రా. రంగు ఎట్లుందో సెప్పు. నేర్చుకున్నవో లేదో సూస్త.”

చూసి మందారం అన్నాను. “ఊఁ” అన్నాడు, కట్టెలు తగ్గించమని కేకేశాడు. మర్నాడూ అడిగాడు, తర్వాతి మిల్లులోనూ అడిగాడు. మూడోసారికి నాకు అర్థమైంది, నన్ను పరీక్షించడం లేదని. ఆయనకు కనబడటం లేదు. నేను చెప్పిందే తన నోటితో మళ్లీ చెబుతున్నాడు. ఆ రోజు ఎంత సంతోషించానో చెబితే మీరు నా ముఖం చూడరు. ఇన్నేళ్ల తొట్టి కథకు బదులు దొరికినట్టనిపించింది.

ఇంట్లో నా భార్య పోరుతూనే ఉంది.

“నాయినను కోదాడ తోల్కపోయి కండ్లు సూపెట్టరాదు? మోతిబిందట, పొర తీసుడు ఒక్క పొద్దుటి పనేనట. నేను సెప్తే ఇనడు.”

“సీజన్ అయిపోనీ” అనేవాణ్ని. ఒక సీజన్ అయ్యాక ఇంకో సీజన్ వచ్చేది. ఆపరేషన్ అయితే నెల రోజులు నిప్పు దగ్గరికి రాకూడదు, ఆ నెలలో నేనే మేస్త్రిని అవుతాను కదా అని లోకం అనుకోవచ్చు. నేను అంతకన్నా లోతుగా ఆలోచించాను. నెల తర్వాత ఆయన మంచి కళ్లతో తిరిగొస్తాడు. నా మీద ఆధారపడిన గుడ్డివాడిగానే ఆయన నాకు పనికొస్తాడు.

మూడేళ్ల కింద వానాకాలం వడ్లు వచ్చే ముందు, మిర్యాలగూడ బయట ఒక పెద్ద మిల్లులో పొయ్యి మొత్తం కొత్తగా కట్టాం. సేటు కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాడు, మాట మెత్తన, పని కరుకు. కమాను చివరి ఇటుక నేను దిగగొట్టిన సాయంత్రం మామ చెప్పాడు.

“రేపు కోదాడల జర పనుంది, పోయొస్త. నేనొచ్చేదాంక ఏం ముట్టకు. గాలికి ఆరనీయి.”

మర్నాడు పొద్దున టీ తాగి పొయ్యిలో దూరి చూశాను. ఇటుకల మధ్య కీళ్లలో పెట్టిన మట్టి తెల్లగా ఆరి, వెంట్రుక వాసి బీటలు కనిపించాయి. ఇల్లు కట్టేవాడికి ఆరిన గోడ మీద బీట కనిపిస్తే చేయి ఆగదు. పక్కనే పైపు ఉంది. మంచి పని చేస్తున్నాననే ధీమాతో, కమానుకూ గోడలకూ బాగా నీళ్లు కొట్టాను, పాట కూడా పాడుకున్నానేమో. కీళ్లలోంచి మట్టి కరిగి ఇటుకల ముఖం మీద సన్నగా చారలు కట్టి కారింది. అది చూశాక గానీ నేనెక్కడున్నానో గుర్తు రాలేదు. పైపు కింద పడేసి పావుగంట ఊరకే నిలబడ్డాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు గోనె సంచులతో అద్ది తుడిచాను. చూసినవాళ్లు ఎవరూ లేరు. మధ్యాహ్నానికి పైన ఆరిపోయింది.

మామ సాయంత్రం హుజూర్‌నగర్ బస్సులో వచ్చాడు. నేరుగా పొయ్యిలో దూరి తాపీ పిడితో గోడ మీద తట్టాడు. ఇంకోచోట తట్టాడు. ఆయన మెడ పక్కకు వంగింది.

“గొంతు మారింది. నీళ్లు గిట్ల పడ్డయా?”

“లేదు మామా. ఒక్క చినుకు సుత పడలే.”

“మరి ఏంది గిది?” అని తనలో తాను గొణుక్కుని బయటికొచ్చి సేటుతో చెప్పాడు. “మూడు దినాలు సాలవు సేటు. అయిదు దినాలు సన్న మంట పెట్టాలె.”

అప్పుడే ఒప్పుకుని ఉంటే ఏమయ్యేది? ఇంకో తొట్టి కథ అయ్యేది. ఇంకో ఎనిమిదేళ్లు టీ దగ్గర నవ్వులు. పొయ్యి మాత్రం అయిదు రోజుల్లో ఏ దెబ్బా లేకుండా లేచేది. ఆ నవ్వులకు భయపడి నోరు మూసుకున్నాను.

కట్టెలు పెట్టిన రెండో రోజుకు గేటు బయట వడ్ల ట్రాక్టర్లు రోడ్డు దాకా నిలబడ్డాయి. కొత్త వడ్లు, పచ్చిగా ఉన్నాయి, కుప్పలోనే మొలకలొస్తాయని రైతులు గేటు మీద పడి అరుస్తున్నారు. సేటు నన్ను తూకం గది వెనక్కు పిలిచాడు.

“ఏమయ్యా, అన్ని మిల్లుల్లో మూడు రోజులేగా? ఇక్కడ అయిదెందుకు? మీ మామగారు ముసలాయన అయిపోయాడా ఏంటి?”

నేను రెండు రోజులు దాచుకున్న తప్పును కప్పెట్టడానికి ఇంతకన్నా మంచి గొయ్యి దొరకదనిపించింది.

“ఆయనకు కండ్లు కనవడయి సేటు. రంగులన్నీ నేనే సెప్త. కావాలంటె వచ్చి సూడుండ్రి.”

ఆ మాట అన్నాక నాకు వెనక్కు వెళ్లాలనిపించలేదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు అంటారే, వాడికి లెక్క తప్పకూడదనే పట్టుదల కూడా ఉంటుంది.

పొయ్యి దగ్గర మామ కంతకు కన్ను ఆనించి కూర్చున్నాడు. ఫైర్‌మన్ టిఫిన్‌కు పోయి గంటయింది. కట్టెలు కాలిపోయి లోపల బూడిద తప్ప ఏమీ లేదు, గోడలు గోరువెచ్చగా ఉన్నాయి అంతే. నా వెనక సేటు, గుమస్తా, నలుగురు హమాలీలు చప్పుడు చేయకుండా వచ్చి నిలబడ్డారు. అడుగుల చప్పుడుకో ఏమో, ఆయన ఎప్పటిలాగే అడిగాడు.

“అల్లుడా, రంగు ఎట్లుంది?”

నేను వంగి చూశాను. చూసినట్టు నటించాను.

“మోదుగ పువ్వు తిరిగింది మామా.”

ఆయన కుడి చేయి లేచి చెంప దాకా వచ్చింది. చెంపకు వేడి తగలడం లేదని ఆ చేతికి తెలిసింది. అంత వరకు నేను చూశాను. ఆయన ఒంటి మీది చర్మం నిజం చెబుతోంది, నేను అబద్ధం చెబుతున్నాను. ఆయన నన్ను నమ్మాడు.

“ఎవడ్రా గిన్ని కట్టెలు కుక్కింది?” అని తిరిగి అరిచాడు. “మోదుగ రంగుకొచ్చింది, కండ్లు కనవడతలేవా మీకు? గుంజుండ్రి కట్టెలు!”

ముందు గుమస్తా నవ్వాడు. తర్వాత హమాలీలు. సేటు కంతలోకి చూసి, తలుపు బార్లా తీసి, లోపల నుంచి గుప్పెడు బూడిద తెచ్చి మామ అరచేతిలో పోశాడు.

“ఇదిగో నీ మోదుగ పువ్వు, పెద్దాయనా.”

మామ ఆ బూడిదను వేళ్లతో నలిపాడు. చల్లగా ఉందని తెలిసి తల నా గొంతు ఉన్న వైపు తిప్పాడు. తాపీని గోనెలో చుట్టుకుని, గోడ పట్టుకుంటూ గేటు దాకా నడిచాడు. సూర్యాపేట బస్సు ఎక్కించడానికి నేను వెళ్లలేదు, ఒక హమాలీ వెళ్లాడు. సేటు నా భుజం తట్టి, “మరి నువ్వు ఎప్పుడు పెట్టమంటే అప్పుడే” అన్నాడు. ఎనిమిదేళ్లుగా ఆ మాట కోసం చూస్తున్నాను. “ఇయ్యాల్నే పెట్టుండ్రి” అన్నాను.

సాయంత్రానికి ఊక పోశారు. మర్నాడు పొద్దున మేం ఇడ్లీలు తింటుంటే పొయ్యి లోపల టప్పుమంది. ఇంకోసారి. తర్వాత బాణాసంచా మాదిరి వరసగా. కీళ్లలో మట్టి ఉబ్బి, ఇటుకల మూలలు ఎగిరి, కమాను మధ్యలో మూడు వరసలు ఒక్కసారి కిందికి దిగాయి. ఊక ఆపేసరికి గంట పట్టింది. గేటు బయట ట్రాక్టర్లు తిప్పుకుని వేరే మిల్లులకు పోవడం మొదలుపెట్టాయి. సేటు మెత్తని మాట ఎటో పోయింది, నన్ను ఒరేయ్‌తో మొదలుపెట్టి తల్లిదండ్రుల దాకా వెళ్లాడు.

“ఇటుకలు ఏరింది మామనే” అన్నాను. “కండ్లు లేక పగిలినయి లోపట పెట్టిండు.”

ఎవరూ అనుమానించలేదు. నిన్న బూడిదను మోదుగ పువ్వన్న మనిషి కదా. ఇటుకను ఆయన ఏరేది చెవితో అని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు, ఏళ్ల తరబడి చూశారు. అయినా ఒక్కడికీ గుర్తు రాలేదు, నేనూ గుర్తు చేయలేదు.

పొయ్యి చల్లారాక సేటు ఆయన్ని పిలిపించాడు. నా భార్య చేయి పట్టుకుని తీసుకొచ్చింది. మామ రాలిన ముక్కల ముందు గొంతుక్కూర్చున్నాడు. ఒక్కో ముక్కనూ తీసుకుని విరిగిన అంచు తడిమాడు, తర్వాత ముఖం తడిమాడు. నాలుగో ముక్క మీద ఆయన బొటనవేలు ఆగింది. కింది నుంచి పైకి, పై నుంచి కిందికి రెండుసార్లు నడిచింది. కీలు నుంచి కారి గట్టిపడిన మట్టి చార అది. కళ్లున్నవాళ్లం పదిమందిమి అక్కడ ఉన్నాం, ఆ చారలు ప్రతి ముక్క మీదా ఉన్నాయి, గుడ్డివాడు మాత్రం చదివాడు.

“ఇటుకలు ఏరింది నువ్వేగా?” అన్నాడు సేటు.

మామ తల ఎత్తాడు. పక్కన కూతురు నిలబడి ఉంది. ఆమె పైట కొంగు ఆయన భుజానికి తగులుతోంది.

“నేనే” అన్నాడు.

ఇంకేం అడగకముందే లేచాడు. గేటు దగ్గర, నా భార్య నీళ్ల సీసా నింపుకోవడానికి పోయినప్పుడు, నా మణికట్టు దొరకబుచ్చుకున్నాడు.

“నీళ్లు గొట్టినవ్.”

నేను చేయి గుంజుకోబోయాను.

“గోడల మేస్త్రివి. నువ్వు నీళ్లు గొడితె తప్పేం లేదు, అది నీ చేతి గుణం. రంగు తప్పు సెప్పినవ్ సూడు...” చేయి వదిలేశాడు. “నా బిడ్డ నీ ఇంట్ల అన్నం తినాలె. పో.”

మిల్లులు ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి, మాట అంతకన్నా వేగంగా పోతుంది. ఆ వారంలోనే మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా పగిలిన ఇటుక పెట్టిన గుడ్డి మేస్త్రి కథ పాకింది. తొట్టి కథ విని నవ్వినవాళ్లు ఇప్పుడు అది చెప్పి నవ్వారు. పొయ్యి మళ్లీ నేనే కట్టాను. మూడు రోజులు సన్న మంట పెట్టాను, సేటు కిక్కురుమనలేదు.

మామకు ఇక పని లేదు కాబట్టి ఆ నెలలోనే నా భార్య ఆయన్ని కోదాడ తీసుకెళ్లింది. తిరిగొచ్చి నాకు అన్నం వడ్డిస్తూ చెప్పింది, పొయ్యి ఆరబెట్టిన రోజు ఆయన కోదాడ వెళ్లింది కళ్ల డాక్టరు దగ్గరికేనని. సీజన్ అయ్యాక ఆపరేషన్ రాయించుకున్నాడట. నెల రోజులు పనంతా అల్లుడే చూసుకుంటాడని, కమాను తనకన్నా గుండ్రంగా తిప్పుతాడని కాంపౌండరుతో చెప్పుకున్నాడట. “ఆ కాంపౌండరు మనోళ్ల ఊరాయనే, యాది పెట్టుకొని సెప్పిండు” అంది మురిసిపోతూ. నేను అన్నంలో మజ్జిగ పోసుకుని తిని లేచాను.

ఒక పొద్దుటి పనే. పొర తీసేశారు. ఒక కన్నూ, నెల తర్వాత రెండో కన్నూ. ఎండు మిరపకాయ తొడిమె కూడా కనిపిస్తోందని చిన్నపిల్లాడిలా చెప్పాడట కూతురికి. తెల్ల చొక్కా వేసుకుని మిర్యాలగూడ మిల్లులన్నీ ఒక్కొక్కటిగా తిరిగాడు. కండ్లొచ్చినయి సేటు, సూడుండ్రి అని. ప్రతిచోటా కూర్చోబెట్టి టీ ఇచ్చారు. కళ్లు వచ్చినా ఇటుకలో పగులు గుర్తుపట్టలేని చేయి అదేగా అని వెనక అనుకున్నారు. గుడ్డితనం ఒక్క పూటలో పోయింది. నేను పెట్టిన పేరు మాత్రం పోలేదు.

ఇప్పుడు పనులన్నీ నావే. నా భార్య పోరు పడలేక ఆయన్ని కూడా వెంట తీసుకెళ్తుంటాను. మిల్లువాళ్లు నన్ను పక్కకు పిలిచి, పెద్దాయన్ని ఇటుకలు ముట్టనీయకు అంటారు. సరే అంటాను. ఆయన ఇటుకల కుప్పకు దూరంగా స్టూలు వేసుకుని కూర్చుని, మా వాళ్లు తాపీ పిడితో కొట్టే చప్పుడు వింటుంటాడు. ఒక్కోసారి మొద్దుగా పలికిన ఇటుకను వాళ్లు లోపలికి పంపితే ఆయన మెడ పక్కకు వంగుతుంది. నేను చూసి, ఆ ఇటుకను వెనక్కు తెప్పిస్తాను. మేమిద్దరం దాని గురించి మాట్లాడుకోం.

మూడో రోజు, రంగు తిరిగే పూట, ఆయన స్టూలు మీద నుంచి లేచి కంత దగ్గరికి వస్తాడు. నా మనుషులంతా ఉంటారు. నేను కంతలోకి చూస్తుంటాను. ఆయన పక్కన నిలబడి అడుగుతాడు, అదే గొంతుతో.

“అల్లుడా, రంగు ఎట్లుంది?”

మా వాళ్లకు అది ముచ్చటగా ఉంటుంది, ఇంత వయసులోనూ మామ అల్లుడికి పరీక్ష పెడుతున్నాడని. నేను నిజమే చెబుతాను. నల్లెరుపు మామా అంటాను, మందారం మామా అంటాను. ఆయన కొత్త కళ్లతో నా ముఖంలోకి కాసేపు చూస్తాడు. తర్వాత నన్ను పక్కకు జరగమని, వంగి, తానే చూసుకుంటాడు.